ముప్పై రెండో నంబరు కీమా మిషన్

ఆర్విడ్ సలోనెన్ అబద్ధమాడే మనిషి కాదని టమరాక్ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ముప్పై నాలుగేళ్ళు కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపి రిటైరయ్యాడు. లారీ తగిలి ఎవరి ఉత్తరాల డబ్బా అయినా ఒరిగితే మర్నాడు తనే వెళ్ళి తలుపు తట్టి, కొత్త గుంజ పాతి మరీ వచ్చేవాడు. లూథరన్ చర్చిలో చందా పళ్ళెం పట్టుకు తిరిగే పని అతనికి ఊరికే అప్పగించలేదు. అయితే ఇంతటి నిజాయితీపరుడికీ ఒక్కచోట నోరు జారుతుంది, తను కొట్టిన జింక బరువు దగ్గర. ఆ విషయంలో మా వైపు మగవాళ్ళందరిదీ అదే జబ్బు కాబట్టి దాన్ని అబద్ధమని ఎవరూ అనరు.

నవంబరు పదిహేనున వేట మొదలవుతుంది. ఆ రోజు బడికి సెలవు, బ్యాంకులో పనికి ఒకే ఒక్క ఆడమనిషి ఉంటుంది, పెళ్ళి పెట్టుకున్నవాడికి చుట్టాలు రారు. అడవిలో పడిన జింకను ఎవరూ తూచరు. దాన్ని ఈడ్చుకొస్తూ దారిలో ఎన్నిసార్లు ఆగి ఆయాసపడ్డారో చూసుకుని దాన్నిబట్టి బరువు చెబుతారు. మనుషులు ముసలివాళ్ళవుతున్న కొద్దీ ఎక్కువసార్లు ఆగాలి కదా, అందుకని మా అడవిలో జింకలు ఏటేటా పెద్దవవుతున్నాయి.

కిందటేడు ఆర్విడ్ కొట్టిన కొమ్ముల జింక ఆ లెక్కన రెండొందల పౌన్లు తూగింది. దాన్ని ఎప్పట్లాగే రెయినో హక్కలా దగ్గరికి తీసుకెళ్ళాడు. ఊరి జింకలన్నీ తోలు తీసి, ఎముక విడదీసి, కీమా కొట్టి, కాగితంలో చుట్టి ఇచ్చేది రెయినోనే. ఇంటి వెనక షెడ్డులో ముప్పయ్యేళ్ళుగా అదే పని. నాలుగో రోజు ఆర్విడ్ చేతికి నలభై ఏడు పౌన్ల పొట్లాలు వచ్చాయి.

"మిగతాది?" అన్నాడు ఆర్విడ్.

"మిగతాదేంటి?" అన్నాడు రెయినో.

"రెండొందల పౌన్ల జింకయ్యా అది!"

"కొమ్ములతో సహా తూచినా నూట ఇరవై దాటదు. పైగా నువ్వు భుజం మీద కాల్చావు, నెత్తురు గడ్డకట్టిందంతా కోసి పారేశా. జింకకి అంతే వస్తుంది, ఆర్విడ్."

"మిగతావాళ్ళ జింకలకి అంతే వస్తుందేమో."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింద గదిలో అందరూ కాఫీ తాగుతుంటే ఆర్విడ్ ఆ కడుపుమంటంతా బయటపెట్టాడు. రెయినో ఇంట్లో డీప్ ఫ్రీజర్లు మూడున్నాయి, ముసలాళ్ళిద్దరికీ మూడెందుకు, అందులో ఎవరెవరి జింకలున్నాయో దేవుడికే తెలియాలి అన్నాడు. అది కొత్త అనుమానం కాదు. ఇంటికెళ్ళి పొట్లాలు లెక్కపెట్టుకున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు మనసులో అనుకున్నదే. కానీ ఇప్పుడు అన్నవాడు ఆర్విడ్ సలోనెన్. అతను అన్నాడంటే నిజమే అయ్యుంటుందని గది గదంతా తలాడించింది.

"వచ్చే ఏడు నా జింకని నేనే కీమా కొట్టుకుంటా. నా ఇంట్లో, నా మిషన్లో. మీ అందరి ముందూ తూస్తా. డెబ్భై ఐదుకి ఒక్క పౌను తగ్గినా ఇదే గదిలో నిలబడి రెయినోని క్షమాపణ అడుగుతా!"

పక్క బల్ల దగ్గర కూచున్న రెయినో ఇదంతా విన్నాడు. కాఫీ పూర్తిచేసి, కప్పు కడిగి బోర్లించి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆదివారాల్లో ప్రార్థనకొచ్చేవాడు గానీ కాఫీకి కిందకి దిగేవాడు కాదు.

అక్కడితో ఆర్విడ్‌కి మిషన్ పిచ్చి పట్టుకుంది. జనవరిలో మొదలైన ఆ ఎంపిక సెప్టెంబరు దాకా సాగింది. కీమా మిషన్లకి నంబర్లుంటాయి. ఎనిమిది, పన్నెండు, ఇరవై రెండు, ముప్పై రెండు. నంబరు పెరిగేకొద్దీ దాని నోరు పెద్దది. ఎనిమిదో నంబరు ఉడతల్ని కొట్టుకునేవాళ్ళకి అని మొదటి వారంలోనే తేల్చేశాడు. పన్నెండు చాలన్నవాళ్ళతో మాట్లాడటం మానేశాడు. పొద్దున లేస్తే వీడియోలు. ఎవడో గడ్డపాయన ఎముకలతో సహా కోడిని మిషన్లో పడేస్తుంటే ఆర్విడ్ నోరు తెరుచుకుని చూసేవాడు. కోడిని ఎముకలతో ఎందుకు కొట్టాలో, దాన్ని ఎవడు తింటాడో అతనికి తట్టేది కాదు. గేర్లు ఇనపవా ప్లాస్టిక్‌వా, ఒళ్ళు స్టీలా అల్యూమినియమా, మోటారు ముప్పావు హెచ్‌పీనా ఒకటిన్నరా, వెనక్కి తిప్పే మీట ఉందా లేదా, ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో గీతలు గీసి రాసుకున్నాడు.

భార్య లోర్నా బడి వంటగదిలో ఇరవై రెండేళ్ళు నాలుగొందల మంది పిల్లలకి వండి పెట్టిన మనిషి. ఆవిడకి ఇదంతా చూస్తుంటే ఒళ్ళు మండింది.

"మా అమ్మ చేతి మిషన్ కింద గదిలో ఉంది. బల్లకి బిగించి తిప్పితే గంటలో అయిపోయే పని" అంది.

"అది క్రాన్‌బెర్రీలు రుబ్బుకునేదే!"

"మా నాన్న ఏడాదికి నాలుగు జింకలు కొట్టేవాడు. అన్నీ అందులోనే పడ్డాయి. నన్ను చేసుకునే ముందు నువ్వు మూడు వారాలు ఆలోచించావు. ఈ మిషన్‌కి తొమ్మిది నెలలా?"

"నువ్వంటే చూడగానే తెలిసిపోయింది. దీనికి గేర్లు లోపలుంటాయి" అన్నాడు ఆర్విడ్. మెచ్చుకున్నాననే అనుకున్నాడు.

ఆగస్టులో ఒకరోజు ఎస్కనాబా పట్నానికి వెళ్ళి వేట సామాన్ల కొట్టులో దిగాడు. చేతిలో ఐసు పెట్టె, అందులో సగం గడ్డకట్టిన జింక ముక్కలు. మిషన్ని అక్కడే ఆడించి చూస్తానన్నాడు. ముక్కుకి రింగు పెట్టుకున్న కొట్టు పిల్ల ఓపిగ్గా, "ఇది చూడ్డానికి పెట్టింది పెద్దాయనా, లోపల మోటారు లేదు" అంది. అయినా చెయ్యి లోపల పెట్టి నలువైపులా తడిమి చూశాడు.

"ఏడాదికి ఎన్ని జింకలు కొడతారు మీరు?" అని అడిగిందా పిల్ల.

"ఒకటి."

"ఒకటా?"

"పెద్దది" అన్నాడు ఆర్విడ్.

ముప్పై రెండో నంబరే కొన్నాడు. ఒకటిన్నర హెచ్‌పీ, ఒళ్ళంతా స్టీలు, కాలితో తొక్కే స్విచ్చు. నిమిషానికి పద్దెనిమిది పౌన్లు కొడుతుందని పెట్టె మీద రాసుంది. దాన్ని దింపడానికి ఇద్దరు మగవాళ్ళు కావాల్సి వచ్చింది. ఒకడు ఆర్విడ్, రెండోవాడు లోర్నా తమ్ముడు డ్వేన్. గ్యారేజీలో బల్లకి బోల్టులేసి బిగించి, వచ్చినవాళ్ళకల్లా ఖాళీగా తిప్పి వినిపించేవాడు. లోర్నా పెట్టె మీద రాసింది చదివి, "డెబ్భై ఐదు పౌన్లంటే నాలుగు నిమిషాల పని" అంది. ఆర్విడ్‌కి అది గొప్పగానే వినిపించింది.

ఈలోగా రెయినో షెడ్డు పలచబడింది. నవంబరు వచ్చి జనం జింకలు కొట్టడం మొదలెట్టారు గానీ, సగంమంది ముప్పై మైళ్ళు పోయి పక్క కౌంటీలో ఇస్తున్నారు. "నీ నోటి చలవే" అంది లోర్నా. ఆర్విడ్‌కి కాస్త గుచ్చుకున్నా, తూకం రోజు అందరికీ తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

వేట మొదలైన రెండో రోజు అతనికి జింక పడింది. డ్వేనూ అతనూ కలిసి ఈడ్చుకొచ్చారు. దారిలో ఏడుసార్లు ఆగారు.

"రెండొందల పది ఉంటుంది బావా" అన్నాడు డ్వేన్ రొప్పుతూ.

"పదిహేను" అన్నాడు ఆర్విడ్.

గ్యారేజీ దూలానికి నాలుగు రోజులు వేలాడదీసి, శుక్రవారమంతా కూచుని ఎముక విడదీశాడు. వెన్ను ముక్కల్ని మా వైపు ఎవరూ కీమా కొట్టరు. అవి వెన్నలో వేయించుకు తినేవి. ఆర్విడ్ వాటినీ కోసి కీమా తొట్లోనే పడేశాడు. తూకంలో ఒక్క ముక్క తగ్గకూడదని పంతం. అది చూసి లోర్నా ముఖం తిప్పుకుంది.

శనివారం పొద్దున్నే మిషన్ ముందు నిలబడి స్విచ్చు తొక్కాడు. మొదటి గుప్పెడు బాగానే పోయింది. తర్వాత చిల్లుల్లోంచి కీమాకి బదులు ముద్దలా ఏదో కారింది. ఆ పైన మిషన్ మూలిగి ఆగిపోయింది. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు, నోటు పుస్తకం తీసి చూశాడు. గేర్ల గురించి పదకొండు పేజీలున్నాయి గానీ దీని గురించి ఏమీ లేదు. చివరికి లోర్నా వచ్చి, మూతి విప్పి, లోపల కత్తికి చుట్టుకున్న నరాల్ని పీకి పారేసింది.

"కత్తి తిరగేసి పెట్టావు. చదును వైపు చిల్లుల బిళ్ళకి ఆనాలి. ఈ తెల్ల పొరలన్నీ ముందే తీసెయ్యాలి. మాంసం కూడా వెచ్చగా ఉంది, గంటసేపు బయట మంచులో పెట్టు."

"ఒకటిన్నర హెచ్‌పీ అది. బూట్లేసినా నమలాలి!"

"నమిలిందిగా, చూడు" అంది లోర్నా, చేతిలోని నరాల ఉండ చూపిస్తూ.

గంటయ్యాక మళ్ళీ మొదలుపెట్టాడు. మూడు నిమిషాలు తిరగకుండానే అయిపోయింది. తొట్టిని తూకం మీద పెట్టాడు. నలభై నాలుగు. దించి మళ్ళీ పెట్టాడు. తూకాన్ని గచ్చు మీదికి మార్చాడు. తొట్టిని ఎత్తుకుని తనే తూకమెక్కి, తర్వాత ఒట్టి చేతుల్తో ఎక్కి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాడు. నలభై నాలుగే. తూకం పక్కనే బల్ల మీద కూచున్నాడు. రెయినో నిజమే చెప్పాడు. ఆర్విడ్‌కి ఆ క్షణంలోనే తెలిసిపోయింది, నిఖార్సుగా తెలిసిపోయింది.

"రేపు చెప్పెయ్" అంది లోర్నా మెల్లిగా. "రెయినో మంచోడు. రెండు మాటలని ఊరుకుంటాడు."

"ఎక్కడో తేడా వచ్చింది."

"తేడా ఏం లేదు. జింక చిన్నది, నీ నోరు పెద్దది."

ఆ మాటతో అతను లేచి తన చిన్న లారీ తాళాలు తీసుకున్నాడు. తనని ఎవరూ ఎరగని చోటికి నలభై మైళ్ళు పోయి, ముప్పై రెండు పౌన్ల పంది భుజం మాంసం కొన్నాడు. "ఇంట్లో పార్టీయా?" అని కొట్టులో అమ్మాయి నవ్వుతూ అడిగితే అవునన్నాడు. జీవితంలో అంత తేలిగ్గా అబద్ధం రావడం అతనికే వింతగా తోచింది. ఇంటికొచ్చి గ్యారేజీ తలుపు వేసుకుని మిషన్ తిప్పాడు. పంది మాంసం మెత్తగా, నున్నగా, ఎక్కడా ఆగకుండా పోయింది. తొమ్మిది నెలలు వెతికి కొన్న మిషన్ సరిగ్గా పనిచేసింది ఆ ఒక్కసారే. రెండూ కలిపి పిసుకుతుంటే సిగ్గేసింది. చర్చిలో చందా పళ్ళెం పట్టే చేతులవి. అయినా రేపు ఊరందరి ముందూ తల దించుకోవాలంటే ఇంకా భయమేసింది. లోర్నా గుమ్మం దాకా వచ్చి, చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం ప్రార్థన కాగానే ఇరవై మంది మగవాళ్ళు గ్యారేజీలోకి వచ్చారు. దాణా కొట్టు నుంచి పెద్ద తూకం తెచ్చారు. డ్వేన్ పోయి రెయినోని కూడా పట్టుకొచ్చాడు. తొట్టి ఎక్కించారు. డెబ్భై ఆరు. చప్పట్లు, ఈలలు, ఆర్విడ్ వీపు మీద దెబ్బలు. తర్వాత అన్ని తలలూ రెయినో వైపు తిరిగాయి.

రెయినో తొట్టి మీదికి వంగి, చిటికెడు కీమా తీసి వేళ్ళ మధ్య నలిపాడు. జింక మాంసం నలుపు తిరిగిన ఎరుపు. కొవ్వుండదు, వేలికి జిడ్డంటదు. తొట్లో ఉన్నది గులాబీ రంగులో ఉంది. ముప్పయ్యేళ్ళు ఆ పని చేసినవాడికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తలెత్తి ఆర్విడ్‌ని చూశాడు. ఆర్విడ్ తన బూట్లు చూసుకుంటున్నాడు. అయిపోయింది, ఇప్పుడు అనేస్తాడు అనుకున్నాడు. 

రెయినో గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. "మంచి మిషన్. నా దాంట్లో ఇంత రాదు" అన్నాడు. "నాకు మోకాళ్ళు కూడా సహకరించట్లేదు. రేపట్నించి షెడ్డు మూసేస్తున్నా. అక్కడ వేలాడుతున్నవి ఎవరివి వాళ్ళు తీసుకుపోండి. ఇక జింకలన్నీ ఇక్కడికే తెచ్చుకోండి. ఆర్విడ్ దగ్గరైతే ముప్పై పౌన్లు ఎక్కువొస్తుంది."

ఎవరికీ తిరిగి ఒక్క మాట చెప్పే సందివ్వకుండా టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున ఆర్విడ్ కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికొచ్చేసరికి ఇంటి ముందు ఆరు చిన్న లారీలు వరసగా ఆగున్నాయి. ప్రతి లారీ వెనకా కాళ్ళు పైకి పెట్టుకుని ఓ జింక. మొదటి లారీ డ్వేన్‌ది.

"బావా, నాది నూట తొంభై. ఎనభైకి తగ్గకూడదు!" అని కేకేశాడు.

"నాదైతే దానికి తాత" అన్నాడు వెనకున్నవాడు.

ఆర్విడ్ కప్పు అక్కడే పెట్టి, వెనక తలుపులోంచి బయటపడి, పొరుగిళ్ళ పెరళ్ళలోంచి మంచు తొక్కుకుంటూ రెయినో షెడ్డుకి పోయాడు. రెయినో ఇనప కొక్కేల్ని బకెట్టులో ముంచి కడుగుతున్నాడు.

"పంది మాంసం" అన్నాడు ఆర్విడ్. 

"తెలుసు. భుజం మాంసం. కాస్త కొవ్వు ఎక్కువేశావు."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదయ్యా? అక్కడే నా మొహాన కొట్టాల్సింది!"

రెయినో కొక్కెం ఆరేసి కింద కూచున్నాడు. "చెబితే? జింకకి ఇంతే వస్తుందని ముప్పయ్యేళ్ళుగా చెబుతూనే ఉన్నా. ఒక్కడు నమ్మలేదు. నువ్వొకసారి అన్నావు, ఊరంతా నమ్మింది. నీ పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకుగా నీ పక్కన నిలబడింది నేను. నన్ను చర్చిలో కూచోబెట్టి దొంగన్నావు. నాకు చాలా బాధేసింది, ఆర్విడ్. వాళ్ళతో వాదించే ఓపిక నాకిక లేదు. పోయి నువ్వే చెప్పుకో."

"చెబుతా" అన్నాడు ఆర్విడ్. కళ్ళు తుడుచుకుని, వచ్చిన దారినే తిరిగొచ్చాడు. గ్యారేజీ తలుపు పైకెత్తి, ఆరు లారీలవాళ్ళూ వినేలా గట్టిగా చెప్పాడు. మంచు లారీ ఇంజను మోతని మించి అరిచి అలవాటైన గొంతు అది.

"నా జింకకి వచ్చింది నలభై నాలుగే! మిగతాది పంది మాంసం. నేనే కొని కలిపా. రెయినో మన జింకల్లోంచి ఎప్పుడూ ఒక్క ముక్క తియ్యలేదు. నేను అన్నది తప్పు!"

 డ్వేన్ పకపకా నవ్వాడు.

"చూశారా! ఇంకా స్విచ్చు తొక్కనేలేదు, అప్పుడే తక్కువొస్తుందని మొదలెట్టాడు!"

"అచ్చం రెయినో మాట్లాడినట్టే ఉంది" అన్నాడు ఇంకొకడు.

"నిన్న మన కళ్ళతో తూచాం కదయ్యా, డెబ్భై ఆరు!"

"అది పందేనర్రా! కావాలంటే లోర్నాని అడగండి!" అన్నాడు ఆర్విడ్.

లోర్నా వంటింటి గుమ్మంలోంచి, "నిజమే" అంది.

"ఆవిడ ఫ్రీజరూ నిండాలిగా మరి" అన్నాడు వెనకనుంచి ఎవడో. అందరూ నవ్వారు. కానీ నవ్వుతూనే లారీల్లోంచి ఖాళీ చేపల బకెట్లు దించి, గ్యారేజీలో బోర్లించి, వాటి మీద మిషన్ చుట్టూ కూచున్నారు. డ్వేన్ తన బకెట్టుని తూకం పక్కకి జరుపుకున్నాడు.

"కానియ్ బావా. మేం చూస్తుంటాం" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఆర్విడ్ కత్తి తీసుకుని డ్వేన్ జింక దగ్గరికి నడిచాడు. తొడ మీద చెయ్యేసి, పక్కటెముకలు తడిమి చూశాడు. నలభై కూడా వచ్చేలా లేదు.